లెవెల్ క్రాసింగ్ ఓవర్‌హాలింగ్: రక్షణ ఎట్ల పెట్టాలె?

ప్రశ్న: నల్లగొండ వైపు సింగిల్ లైన్, కరెంటు లైన్ ఉన్న గేటు. చెక్ రైళ్లు (గేటు కాడ అసలు పట్టాల లోపలి పక్కన, చక్రం పోయే సందు ఇడిచి బిగించే పట్టాలు) విప్పి స్లీపర్లు ప్యాకింగ్ చెయ్యాలె, అంటే వాటి కింద కంకర గట్టిగ కూరాలె. జెసిబి కూడా వస్తది. ముందుగ ఏం చూసుకోవాలె?

జవాబు 1: బ్లాక్ (ఆ లైన్ మీద బండ్లు ఆపి పని చేసుకునే అనుమతి) చేతికి రాకముందు ఒక్క ఫిష్‌ప్లేటు (రెండు పట్టాలను కలిపే ఇనుప పలక) కూడా విప్పొద్దు. సింగిల్ లైన్ కాబట్టి రెండు వైపులా 600 మీటర్ల దగ్గర బ్యానర్ ఫ్లాగ్ (పట్టాలకు అడ్డంగ కట్టే ఎర్ర గుడ్డ), 1200 మీటర్ల దగ్గర పది మీటర్లకొకటి చొప్పున మూడు డిటోనేటర్లు (చక్రం ఎక్కంగనే పేలి డ్రైవర్‌ను హెచ్చరించేవి). గంటకు 100 కిలోమీటర్ల బండి ఆ 1200 మీటర్లను 43 సెకన్లలో దాటేస్తది. గేటు మలుపులో ఉంటే నడుమ ఇంకో మనిషిని నిలబెట్టున్రి.

జవాబు 2: జెసిబి సంగతి అసలు ముఖ్యం. సిగ్నల్ కేబుల్ ఎక్కడ పోతదో సిగ్నల్ వాళ్లు చూపెట్టినంకనే బకెట్ దించాలె. పైన తీగల 25,000 వోల్టులు, జెసిబి బూమ్ (పొడుగు చెయ్యి) ఆ తీగకు 2 మీటర్ల లోపలికి పోవద్దు. పట్టా కోసేటప్పుడు, విప్పేటప్పుడు జంపర్ (విడిపోయిన పట్టాలను కలిపే కరెంటు తీగ) కట్టుడు మరువకున్రి, తిరుగు కరెంటు పట్టాలల్లనే పోతది.

జవాబు 3: మహబూబ్‌నగర్ డబుల్ లైన్ మీదైతే ఇంకో ముప్పు: ఒక లైన్‌కే బ్లాక్ ఉంటది, పక్క లైన్‌ల బండ్లు నడుస్తనే ఉంటయ్. పనిముట్లు నడుమ పడెయ్యొద్దు.

ప్రశ్న అడిగినాయన: చెక్ రైలు సందు ఎంత?

జవాబు 2: 51 నుంచి 57 మిల్లీమీటర్లు. కంకర ఇరుక్కుంటే చక్రం ఎక్కుతది, గేటు తెరిచే ముందు ఊడ్చి చూడున్రి.