ఎఫ్ఐఆర్ అయి ఐదు నెలలు: కేసు ఎవరి దగ్గర ఆగిందో తెలుసుకునేదెలా?

ప్రశ్న: సభ్యులందరికీ నమస్కారం. మాది పరకాల దగ్గరి పల్లె. పొలం గట్టు తగాదాలో మా చిన్నబాపును గొడ్డలి కామతో కొట్టి చేయి విరగ్గొట్టారు. ఎఫ్ఐఆర్ అయి ఐదు నెలలైంది. నిందితులు బెయిలు మీద ఊళ్లోనే తిరుగుతున్నారు. స్టేషన్‌లో అడిగితే ల్యాబ్ రిపోర్టు రావాలంటున్నారు, కోర్టులో ఇంకా నంబరు పడలేదంటున్నారు, సర్కారు వకీలు గారేమో చార్జిషీటు తన దగ్గరికి వస్తేనే ఏమైనా చెప్పగలనంటున్నారు. ఈ ముగ్గురిలో ఎవరిని అడగాలి? సొంతంగా వకీలును పెట్టుకోక తప్పదా?

జవాబు (కోర్టు విశ్రాంత ఉద్యోగి): ముగ్గురూ చెప్పినది నిజమే అయి ఉండవచ్చు. దర్యాప్తు పోలీసులది, వాదన ప్రాసిక్యూషన్‌ది, తీర్పు కోర్టుది; ఒకరి పనిలో ఇంకొకరు ఆజ్ఞ వేయకుండా ఉండాలన్నదే చట్టం ఉద్దేశం. సర్కారు వకీలు సలహా ఇవ్వవచ్చు గానీ, ఆయన అభిప్రాయం తీసుకున్న తరువాతే చార్జిషీటు వేయాలని దర్యాప్తు అధికారిని నిర్బంధించకూడదని సుప్రీంకోర్టు 2000లోనే చెప్పింది. అందువల్ల ఇప్పుడు మీరు అడగవలసింది స్టేషన్‌నే.

మీ కేసులో రెండు కాగితాలు కీలకం. మొదటిది ఆసుపత్రి ఇచ్చే గాయాల ధ్రువపత్రం. స్టేషన్లలో దీన్ని ‘ఊండ్ సర్టిఫికెట్’ అనే అంటారు. ఎక్స్‌రే చూసి ఎముక విరిగిందని వైద్యుడు రాస్తేనే తీవ్ర గాయం సెక్షను నిలుస్తుంది, లేకపోతే అదే దెబ్బ సాధారణ గాయం కింద మిగిలిపోయే ప్రమాదం ఉంది. రెండవది ఫోరెన్సిక్ నివేదిక. గొడ్డలి కామను పంచనామా రాసి, సీలు వేసి, సాధారణంగా కోర్టు ద్వారా ల్యాబ్‌కు పంపుతారు. దానిపై రక్తపు మరకలు లేకపోతే పంపవలసిన అవసరమే రాకపోవచ్చు కనుక, అసలు పంపారా, పంపితే ఏ తేదీన పంపారు అన్నది ముందుగా అడగండి. ‘ల్యాబ్ రిపోర్టు’ అన్న మాట చాలా ఆలస్యాలకు అనువైన సమాధానమని నా అభిప్రాయం, ఎందుకంటే ఆ నివేదిక రాకపోయినా చార్జిషీటు వేసి, తరువాత దాన్ని అదనపు నివేదికతో జతపరచవచ్చు.

ఇక నంబరు సంగతి. చార్జిషీటు అందగానే కోర్టు సిబ్బంది దాన్ని పరిశీలిస్తారు. ఏ సాక్షి వాంగ్మూలమో, ఏ ధ్రువపత్రమో లేకపోతే లోపాలు రాసి తిరిగి పంపుతారు. దీన్నే ‘రిటర్న్’ అంటారు. సరిచేసి మళ్లీ వేశాకే మేజిస్ట్రేటు విచారించేదైతే సి.సి. (క్యాలెండర్ కేసు) నంబరు, సెషన్స్ కోర్టుకు వెళ్లవలసినదైతే ముందు పి.ఆర్.సి. (ప్రిలిమినరీ రిజిస్టర్ కేసు) నంబరు పడుతుంది. రిటర్న్ అయి స్టేషన్‌కు చేరిన కట్ట అక్కడే ఉండిపోతే, కోర్టు లెక్కలో కేసు లేదు, స్టేషన్ లెక్కలో మాత్రం పని పూర్తయింది. ఈ విషయం ఇన్‌స్పెక్టరు కన్నా కోర్టు డ్యూటీ కానిస్టేబులుకే బాగా తెలుస్తుంది, ఆయననే మర్యాదగా అడగండి. 2018 నుంచి తెలంగాణలో పోలీసుల, కోర్టుల కంప్యూటర్ వ్యవస్థలను అనుసంధానించినా, ఈ రిటర్న్ ముచ్చట ఇప్పటికీ కాగితాల కట్టతోనే నడుస్తుంది.

ప్రశ్నించిన సభ్యుడు: ధన్యవాదాలు సార్. మాకు ఇంతవరకు ఏ కబురూ పంపలేదు. రాతపూర్వకంగా అడిగే హక్కు ఉందా?

జవాబు (న్యాయవాది): ఉంది. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 193వ సెక్షను ప్రకారం, దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజులలోగా ఫిర్యాదుదారుకు గాని బాధితుడికి గాని పోలీసులు తెలియజేయాలి. ఫోను సందేశంగా పంపినా సరిపోతుంది. ఎఫ్ఐఆర్ నంబరు, తేదీ రాసి, ఈ సెక్షనును పేర్కొంటూ ఎస్‌హెచ్‌ఓ (స్టేషన్ బాధ్యుడైన అధికారి) గారికి దరఖాస్తు ఇచ్చి, రసీదు తీసుకుని, నకలు ఏసీపీ గారికి పంపండి. కోపపు మాటలు రాయకండి, తేదీలు రాయండి.

సొంత వకీలు తప్పనిసరి కాదు. పెట్టుకున్నా ఆయన సర్కారు వకీలుకు సహకరిస్తూ, అనుమతితో రాతపూర్వక వాదన ఇవ్వగలరే గాని, కేసు నడిపేది సర్కారు వకీలే. ఖర్చు భారమైతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థను అడగండి, లేదా 15100కు ఫోన్ చేయండి; మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత సహాయం దొరుకుతుంది. బెయిలు మీదున్న వాళ్లు సాక్షులను బెదిరిస్తే మాత్రం వెంటనే రాతపూర్వకంగా స్టేషన్‌కూ సర్కారు వకీలుకూ తెలపండి, ఎందుకంటే బెయిలు రద్దు కోరే దారి అక్కడే మొదలవుతుంది.

ప్రశ్నించిన సభ్యుడు: కానిస్టేబులు గారిని కలిశాను. చార్జిషీటు ఎప్పుడో వేశారట, ఊండ్ సర్టిఫికెట్‌లో ఎక్స్‌రే అభిప్రాయం లేదని రిటర్న్ అయిందట. ఆ కాగితం మేమే తెచ్చి ఇవ్వవచ్చునా?

జవాబు (కోర్టు విశ్రాంత ఉద్యోగి): మీరు తెస్తే దానికి విలువ ఉండదు. దర్యాప్తు అధికారి లేఖ రాస్తే వైద్యుడు రికార్డు చూసి తుది అభిప్రాయం ఇస్తారు. మీరు చేయగలిగినది, ఆసుపత్రిలో చేరిన తేదీ, ఓపీ చీటీ నకలు, ఎక్స్‌రే నంబరు దర్యాప్తు అధికారికి అందించడం. రికార్డు వెతకడానికి పట్టే కాలం దానితోనే తగ్గుతుంది.