నాలుగో ఏడాది న్యూరోసైన్స్ థీసిస్: ల్యాబ్ లేని కాలేజీలో చేయడం దండగా?

సినాప్స్:
బీఎస్సీ జువాలజీ, మూడో ఏడాది. ఆరు సెమిస్టర్లలో 75 శాతం లేదా ఆపైన వస్తే నాలుగో ఏట పరిశోధనతో ఆనర్స్ తీసుకోవచ్చని 2022 నాటి యూజీసీ నిబంధన. థీసిస్‌కు 12 క్రెడిట్లు. మా కాలేజీలో మైక్రోస్కోపులు తప్ప ఏమీ లేవు. ఉండాలా, మూడేళ్లతో ముగించి ఎమ్మెస్సీకి వెళ్లాలా?

పాత పిపెట్:
వెళ్లిపోండి. ఎలుకల మీద పనిచేయాలంటే ప్రయోగాల జంతువులను ఉంచే గదికి రిజిస్ట్రేషన్, ఎథిక్స్ కమిటీ అనుమతి ఉండాలి. అవి లేనిచోట థీసిస్ అంటే నలుగురి పేపర్లు చదివి ఐదోది రాయడమే. మూడు సైన్స్ అకాడమీలు కలిసి ఇచ్చే వేసవి ఫెలోషిప్‌కు దరఖాస్తు పెట్టండి. మంచి ల్యాబ్‌లో రెండు నెలలు గడిపితే చాలు.

కోరింగ:
రెండు నెలల్లో ఏం చేస్తారండీ? పద్ధతి చేతికి పట్టుబడేసరికి తిరుగు రైలు టికెట్ గుర్తొస్తుంది. ప్రయోగం చెడిపోవడం, ఎందుకు చెడిందో వెతకడం, మళ్లీ చేయడం: వీటికి ఏడాది కావాలి.
ఎలుకలే ఎందుకు? పళ్ల ఈగలున్నాయి. సీసాను తట్టితే అడుగున పడి, మళ్లీ పైకి పాకుతాయి. వయసు పైబడేకొద్దీ ఆ పాకడం మందగిస్తుంది. పార్కిన్సన్ వ్యాధి పరిశోధనల్లోనూ ఇదే పరీక్ష వాడతారు. 25 డిగ్రీల వేడిలో గుడ్డు నుంచి ఈగ కావడానికి పది రోజులు. గాజు గొట్టాలు, మొక్కజొన్న పిండి మేత, ఫోన్ కెమెరా చాలు. వారం వయసువి, నెల దాటినవి పోల్చినా డిగ్రీకి తగిన థీసిసే. ఈగలు వద్దంటే ఓపెన్‌న్యూరో అనే వెబ్‌సైట్‌లో మెదడు స్కాన్లు ఉచితంగా దొరుకుతాయి.

పాత పిపెట్:
ఈగలకు ఒప్పుకుంటాను. స్కాన్ల సంగతే భయం. 2009లో ఒక బృందం చచ్చిన సాల్మన్ చేపను స్కానర్‌లో పెట్టి మనుషుల ఫొటోలు చూపిస్తే, దాని మెదడులోనూ చురుకుదనం కనిపించింది! స్కాన్‌లోని వేల బిందువులను ఒకేసారి పరీక్షిస్తూ గణాంకాలను సరిదిద్దకపోతే అంతే, కొన్ని కేవలం యాదృచ్ఛికంగా చురుగ్గా కనిపిస్తాయి. ఆ సంగతి చెప్పే గైడ్ మీ జువాలజీ విభాగంలో ఉన్నారా?

చివరి బెంచి:
గైడ్ సంగతి తర్వాత, ముందు ఆ 75 శాతం గీత చూడండి. బట్టీపట్టి మార్కులు తెచ్చుకున్నవాడికి పరిశోధన, ప్రశ్నలడిగి 70 దగ్గర ఆగినవాడికి మామూలు ఆనర్స్. ఇదెక్కడి లెక్క?

కోరింగ:
ఆ గీత నాకూ నచ్చదు. పిపెట్ గారూ, స్కాన్లు పట్టుకుంటే స్టాటిస్టిక్స్ విభాగం వారిని రెండో గైడ్‌గా అడగాల్సిందే, లేకపోతే మీ మాటే నిజం. సినాప్స్, కాలేజీకి యూనివర్సిటీ పరిశోధన అనుమతి ఇచ్చిందో లేదో ముందు కనుక్కోండి. అది లేకపోతే ఈ చర్చంతా వృథా.

సినాప్స్:
రేపే ప్రిన్సిపాల్ గారిని అడుగుతాను. ఈగలు ఎక్కడ దొరుకుతాయి?

కోరింగ:
జెనెటిక్స్ ల్యాబ్ ఉన్న యూనివర్సిటీకి మీ గైడ్ చేత ఉత్తరం రాయించండి. రెండు సీసాలు అడగండి, ఒకటి తప్పకుండా బూజు పడుతుంది.