కావలూరు పెద్ద టెలిస్కోపుకు ఇంకా పని ఉందా?

గగనవిహారి:
తమిళనాడులోని జవ్వాది కొండల మీద, 725 మీటర్ల ఎత్తులో ఉన్న కావలూరు వైను బప్పు టెలిస్కోపుపై ఇకమీదట డబ్బు వెచ్చించడం దండగని నా అభిప్రాయం. 2.34 మీటర్ల అద్దంతో 1986లో ప్రారంభమైనప్పుడు అది దేశానికి గర్వకారణమే కావచ్చు. కానీ అక్కడ రెండు రుతుపవనాల మబ్బులూ కమ్ముకుంటాయి, చుట్టుపక్కల పట్టణాల వెలుతురు ఏటేటా పెరుగుతోంది. లద్దాఖ్‌లోని హాన్లేలో 4,500 మీటర్ల ఎత్తున రెండు మీటర్ల హిమాలయన్ చంద్ర టెలిస్కోపు ఉంది. నైనితాల్ దగ్గర దేవస్థల్‌లో 2016లో 3.6 మీటర్లది మొదలైంది, దాని అద్దం కావలూరు అద్దం కన్నా రెండింతలకు పైగా కాంతిని పడుతుంది. ఇవి ఉండగా అదెందుకు?

ధ్రువ:
గగనవిహారి గారూ, మబ్బుల గురించి మీరన్నదానికి నా దగ్గర జవాబు లేదు. అయితే ఆకాశపు వెలుతురు ఎవరికి అడ్డమన్నది ఏం చూస్తున్నామనే దానిమీద ఆధారపడి ఉంటుంది. మసక గెలాక్సీని ఫొటో తీయాలంటే ఆ వెలుతురు దాన్ని మింగేస్తుంది. ప్రకాశవంతమైన నక్షత్రపు వర్ణపటాన్ని సన్నగా విడదీసి చూసేటప్పుడు మాత్రం నక్షత్రపు కాంతే ఎన్నో రెట్లు ఎక్కువ కనుక ఆ నష్టం లెక్కలోకి రాదు. కావలూరులో సరిగ్గా ఇందుకు తగిన పరికరమే ఉంది: ప్రధాన నాభి దగ్గర, అంటే పెద్ద అద్దం కాంతిని కేంద్రీకరించే చోట, పడిన కాంతిని ఆప్టికల్ ఫైబర్ గుండా విడిగా ఒక గదిలోని ఎషెల్ స్పెక్ట్రోగ్రాఫ్‌కు, అంటే కాంతిని చాలా సన్నగా రంగులుగా విడదీసే పరికరానికి, పంపుతారు. అది టెలిస్కోపుతో పాటు తిరగదు, వంగదు. అందువల్ల వర్ణపటంలోని గీతలు (వర్ణరేఖలు) పరికరం కారణంగా పక్కకు జరిగే ప్రమాదం బాగా తగ్గుతుంది.

ఇక అక్షాంశం సంగతి. మన అగస్త్య నక్షత్రాన్నే తీసుకోండి. దక్షిణాన ఉన్న కావలూరులో అది దిగంతం నుంచి దాదాపు 25 డిగ్రీల ఎత్తుకు వస్తుంది, దేవస్థల్‌లో 8 డిగ్రీలు, హాన్లేలో అయిదు కూడా రాదు. దక్షిణాకాశంలోని తారలను కొండ ఎత్తు పెంచి చూడలేము.

అద్దాన్ని బెంగళూరులోనే సానపట్టారనీ, దీన్ని తలపెట్టిన ఖగోళ శాస్త్రవేత్త, హైదరాబాదు నిజాం కాలేజీలో చదివిన బప్పు 1982లో మరణించి దాన్ని చూడలేకపోయారనీ చాలామంది గుర్తుచేస్తారు. నాకూ ఆ అభిమానం ఉంది, కానీ అది నిధులడగడానికి కారణం కాదు.

గగనవిహారి:
హాన్లేలోనూ ఫైబర్‌తో నడిచే ఎషెల్ స్పెక్ట్రోగ్రాఫ్ అమర్చారు కదా! అగస్త్యుడొక్కడి కోసం ఒక వేధశాలా?

ధ్రువ:
అమర్చారు, మంచిదే. అయితే హాన్లే రాత్రులకు పోటీ ఎక్కువ. సూపర్నోవా పేలిన వారంలోనే అక్కడి హెచ్‌ఎఫ్‌ఓఎస్‌సీ (మసక వస్తువుల ఫొటోలూ వర్ణపటాలూ తీసే పరికరం) దానివైపు తిరగాలి. ఒక చరతారను (వెలుగు మారుతూ ఉండే నక్షత్రాన్ని) ఏళ్ల తరబడి, వీలైన ప్రతి రాత్రీ కొంతసేపు చూడాలనేవారికి అంత చీకటి ఆకాశాన్ని కేటాయించడమే వృథా. ఆ పని కావలూరుకు అప్పగిస్తే రెండూ సాగుతాయి. తేమ ఎక్కువ కనుక అక్కడ పరారుణ పరికరాలు కొత్తగా పెట్టవద్దనడానికి నేనూ ఒప్పుకుంటాను. అద్దానికి వేళకు అల్యూమినియం పూత, స్పెక్ట్రోగ్రాఫ్‌కు మెరుగైన డిటెక్టరు, ఈ రెండింటికీ డబ్బు ఇవ్వాలన్నదే నా వాదన.