కారు గ్యారేజీ: మొరం ఫిల్లింగ్, సెంట్రింగ్ విషయంలో కాంట్రాక్టరు మాట వినొచ్చా?

నమస్కారమండీ. ఇంటి పక్కన 12 × 20 అడుగుల గ్యారేజీ కడుతున్నాం. నేల నల్లరేగడి. సైటు అనుభవమున్నవాళ్లు దయచేసి చెప్పండి.

కాంట్రాక్టరు పునాది బీముల మధ్య 2 అడుగుల మొరం (గ్రావెల్ మట్టి) ఒకేసారి పోసి, నీళ్లు పెట్టేసి, పైన 4 అంగుళాల కాంక్రీటు వేస్తానంటున్నాడు. 6 అంగుళాల పొరలుగా పోసి, తడిపి, ఒక్కో పొరనీ దిమ్మిస కొట్టాలని మేమంటున్నాం. ఒకేసారి పోస్తే పైభాగమే గట్టిపడుతుంది, అడుగు వదులుగా ఉండిపోతుంది. తర్వాత టైర్లు నిలిచే చోట నేల కుంగి కాంక్రీటు పగులుతుంది. పైగా నల్లరేగడి వానకు ఉబ్బి, ఎండకు కుంచించుకుపోతుంది. 8 ఎంఎం కడ్డీలు 8 అంగుళాలకొకటి రెండు వైపులా వేయమంటే, నేలమీద ఇనుమెందుకంటున్నాడు. ఆ కడ్డీల జాలీ సరిపోతుందా, లేక మందం 5 అంగుళాలు చేయాలా?

ఇంకోటి సెంట్రింగ్, అంటే పైకప్పు కాంక్రీటు గట్టిపడేదాకా కింద పెట్టే ఆసరా. అన్ని జాకీలూ (ఆసరా స్తంభాలు) 7వ రోజే తీసేస్తాడట. ఐఎస్ 456 (కాంక్రీటు పనులకు భారతీయ ప్రమాణం) ప్రకారం 4.5 మీటర్ల లోపు స్లాబుకు 7 రోజులు సరే, కానీ గేటు పైన 12 అడుగుల బీముకు 14 రోజులు ఆగాలి. అదీ ఓపీసీ (సాధారణ పోర్ట్‌లాండ్) సిమెంటుకు. మేం వాడేది పీపీసీ (పోజొలానా కలిపిన సిమెంటు), బలం నిదానంగా వస్తుంది. మీరైతే ఎన్నాళ్లు ఉంచుతారు?

స్లాబుకు ముందే 70 శాతం డబ్బు అడుగుతున్నాడు. క్యూరింగ్ పూర్తయ్యేదాకా ఎంత ఆపి ఉంచడం న్యాయం? ఒప్పందంలో ఏం రాయించుకోవాలి?