మతిస్థిమితం లేదంటే హత్య కేసు ఎగిరిపోతుందా?

మిర్చిఘాటు (గుంటూరు):
మా సందు చివర టీ బడ్డీ నడిపే అన్నని పోయిన వేసవిలో చంపేశారు. పొద్దున పదిన్నర, పాలు పొంగొస్తుంటే స్టవ్ తగ్గిద్దామని వంగాడు, వెనక నుంచి ఇనప రాడ్డుతో ఒక్కటే దెబ్బ. కొట్టింది పక్క వీధి కుర్రాడు. నేను గ్లాసు పెట్టేసి పది అడుగులు కూడా వెయ్యలేదు. ఇప్పుడు కోర్టులో వాడి లాయర్ "మావాడికి మతిస్థిమితం లేదు" అని మొదలుపెట్టాడట. ఏం మతిస్థిమితం అండీ? దానికి వారం ముందే అదే బడ్డీ దగ్గర యాభై కాగితం ఇచ్చి చిల్లర లెక్కపెట్టుకుని మరీ జేబులో వేసుకున్నాడు, నా కళ్ళతో చూశా. చిల్లర లెక్క తెలిసినవాడికి మనిషిని చంపడం తప్పని తెలీదా? ఇలాంటి రూలు చట్టంలోంచి తీసిపారెయ్యాలని నా వాదన. కాదనేవాళ్ళు ఎందుకు కాదో చెప్పండి.

కృష్ణలంక కుర్రోడు:
కరెక్ట్ అన్నా. డబ్బున్నోడైతే ఒక డాక్టర్ సర్టిఫికెట్, నాలుగు నెలలు ఆస్పత్రిలో ఏసీ రూమ్, తర్వాత దర్జాగా ఇంటికి. రేపు నేనూ రెండు పెగ్గులేసి ఎవడి తలో పగలగొట్టి "నాకేం గుర్తు లేదు" అంటే వదిలేస్తారా?

నల్లకోటు జూనియర్:
వదలరు తమ్ముడూ. ముందు నీ పెగ్గుల సంగతి తేల్చేస్తా. సొంతంగా తాగినవాడికి ఆ వాదన లేదు. నీకు తెలియకుండా ఎవరైనా కలిపి తాగిస్తేనో, బలవంతంగా పోయిస్తేనో, అదీ ఏం చేస్తున్నావో తెలియనంతగా మత్తెక్కితేనే రక్షణ. పాత ఐపీసీ స్థానంలో వచ్చిన కొత్త శిక్షాస్మృతి, భారతీయ న్యాయ సంహిత, దాని 23వ సెక్షన్.

ఇక అసలు విషయం. నేను గుంటూరు కోర్టులో క్రిమినల్ సైడ్ చేస్తున్నా, తొమ్మిదేళ్ళయింది, ఇంకా జూనియర్నే, నవ్వకండి. మిర్చిఘాటు గారు చెప్పింది 2024 జులై 1న ఆ సంహిత అమల్లోకొచ్చాక జరిగింది కాబట్టి మతిస్థిమితం గురించి చెప్పే దాని 22వ సెక్షన్ వస్తుంది. పాత ఐపీసీ 84నే దాదాపు మక్కీకి మక్కీ దించారు. 2023 ఆగస్టులో పెట్టిన మొదటి బిల్లులో "మానసిక రుగ్మత" అనే మాట రాశారు. ఆ మాట కిందకి 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం తాగుడు, డ్రగ్స్ వల్ల వచ్చే తేడాలు కూడా వచ్చేస్తాయి కాబట్టి మళ్ళీ "మతిస్థిమితం లేకపోవడం" అనే పాత మాటకే వెళ్ళిపోయారు. అంటే కృష్ణలంక తమ్ముడికొచ్చిన అనుమానమే ఢిల్లీలో వాళ్ళకీ వచ్చిందన్నమాట.

సెక్షన్ అడిగేది జబ్బు ఉందా లేదా అని కాదు. ఆ దెబ్బ కొట్టిన క్షణంలో, ఆ జబ్బు వల్ల, తాను చేస్తున్న పని ఏమిటో గానీ, అది తప్పనో చట్టవిరుద్ధమనో గానీ తెలుసుకునే శక్తి లేకుండా పోయిందా అని. డాక్టర్ రాసిచ్చిన జబ్బు పేరు ఒక్కటే కోర్టులో చాలదు, సుప్రీంకోర్టు ఈ మాట ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. పైగా నిరూపించుకోవాల్సింది ముద్దాయే. 1964లో గుజరాత్ నుంచి వచ్చిన ఒక కేసులో సుప్రీంకోర్టు కొంచెం ఊరటనిచ్చింది, ముద్దాయి అనుమానం లేకుండా రుజువు చెయ్యక్కర్లేదు, మొగ్గు తనవైపు ఉందని చూపిస్తే చాలంది. ఆ మొగ్గు చూపించడానికే మాకు తల ప్రాణం తోకకొస్తుంది.

మిర్చిఘాటు:
సెక్షన్లు సరే సార్. నా చిల్లర ప్రశ్నకి జవాబు రాలేదు.

సత్యనారాయణపురం అక్క (విజయవాడ):
దానికి నేను చెప్తాను తమ్ముడూ. మీ అన్న పోయిన బాధ మీద వాదన పెడుతున్నానని అనుకోవద్దు.

మా పెద్దతమ్ముడికి స్కిజోఫ్రీనియా, ఇరవై మూడో ఏట మొదలైంది. మందులు మానేసిన ఒక ఎండాకాలం వాడు ఇంటి ఖర్చుల నోటుబుక్కు రాసేవాడు. పాలు, కూరలు, కరెంటు బిల్లు, పైసలతో సహా కూడిక తప్పేది కాదు, నా కన్నా వాడి లెక్కే కరెక్టు. అదే పుస్తకంలో ఎడమ వైపు పేజీలో మాత్రం, మేడ మీద ట్యాంకులో పక్కింటి మామయ్యగారు ఏ రోజు ఎన్ని చుక్కలు విషం కలిపారో తేదీలతో రాసుకున్నాడు. నీలం ఇంకు, పొందికైన అక్షరాలు. ఒకే చేయి, ఒకే పెన్ను. ఆ పుస్తకం నా దగ్గర ఇంకా ఉంది.

పిచ్చి అంటే చొక్కా చింపుకుని రోడ్డు మీద పరిగెత్తడమే అనుకుంటాం మనం. చిల్లర లెక్క వేరు, భ్రమ వేరు, రెండూ ఒకే బుర్రలో పక్కపక్కన కాపురం చేస్తాయి. మావాడు ఎవరి మీదా చెయ్యెత్తలేదు, అది కూడా చెప్పాలి, ఎందుకంటే ఈ జబ్బున్న వాళ్ళలో ఎక్కువమంది ఎవరినీ ఏమీ చెయ్యరు. కానీ ఆ మే నెలలో వాడు మామయ్యగారి మీదకి వెళ్ళి ఉంటే, తనని తాను కాపాడుకుంటున్నాననే అనుకునేవాడు. ఆ మనిషిని హంతకుడు అనడానికి నాకు నోరు రాదు.

రిటైర్డ్ హెచ్‌సీ:
అమ్మా, మీరు చెప్పింది నిజం. కానీ ముప్పై ఏళ్ళు స్టేషన్లో చేసినవాడిగా ఇంకో వైపు చెప్తా. మాకు మనిషి బుర్రలోకి చూసే యంత్రం ఏమీ ఉండదు. చూసేది నడవడిక. కొట్టాక పారిపోయాడా? రాడ్డు కాలవలో పడేశాడా? చొక్కా ఉతికాడా? ఫోన్ స్విచాఫ్ చేశాడా? ఇవి చేశాడంటే తప్పని తెలిసినట్టే, కోర్టులోనూ అదే నిలబడుతుంది. అక్కడే కూర్చుని ఎవరితోనో మాట్లాడుకుంటూ ఉంటే, ఆ సంగతి కూడా కేసు డైరీలో నిజాయితీగా రాయాలి. రాసేవాళ్ళు తక్కువని ఒప్పుకుంటా. ఇంకోటి, అరెస్టయిన రోజే డాక్టర్‌కి చూపించాలి. ఆరు నెలల తర్వాత జైల్లో మందులు పడ్డాక పరీక్ష చేస్తే ఏం కనపడుతుంది, మనిషి మామూలుగా ఉంటాడు.

మిర్చిఘాటు గారూ, మీ కుర్రాడు కొట్టాక ఏం చేశాడు?

మిర్చిఘాటు:
పారిపోలేదు. రాడ్డు పక్కన పెట్టి స్టవ్ ఆపాడు. పాలు మాడతాయనో ఏమో. తర్వాత బెంచీ మీద కూర్చున్నాడు పోలీసులొచ్చేదాకా.

ఇది రాస్తుంటే నాకే ఒకలా ఉంది. కానీ స్టవ్ ఆపేంత తెలివి ఉందనేగా దీనర్థం?

నల్లకోటు జూనియర్:
రెండు వైపులా వాడుకోవచ్చు ఆ స్టవ్‌ని. పీపీ గారు, అంటే ప్రభుత్వం తరఫు లాయరు, మీరన్నట్టే అంటారు, ముద్దాయి తరఫున వాదించే మా వాళ్ళు "మనిషిని కొట్టి పాల గురించి ఆలోచించేవాడికి ఏం చేశాడో తెలుసంటారా" అంటారు. 2002లో సుప్రీంకోర్టు ముందుకి మహారాష్ట్ర కానిస్టేబుల్ ఒకాయన కేసు వచ్చింది, భార్య తల మీద రుబ్బురాయితో కొట్టి చంపాడు. పారనాయిడ్ స్కిజోఫ్రీనియాకి అంతకుముందు వైద్యం చేయించుకున్న కాగితాలున్నాయి, తండ్రికీ మానసిక జబ్బు ఉంది, పట్టపగలు చేసి దాచడానికో పారిపోవడానికో ప్రయత్నించలేదు. ఇవన్నీ కలిపి చూసి కోర్టు ఆయనకు 84 కింద రక్షణ ఇచ్చింది. ఏ ఒక్కటీ విడిగా సరిపోదు.

ఆ కాగితాల మాటే నన్ను నిద్ర పోనివ్వదు. డబ్బున్నోడు సర్టిఫికెట్ కొంటాడని కృష్ణలంక తమ్ముడు అన్నాడు కదా, నేను చూసింది వేరే. మా సీనియర్ దగ్గరికి ఒక పల్లె నుంచి ఒక తల్లి వచ్చింది, కొడుకు మీద హత్య కేసు. చేతిలో బట్టల షాపు ప్లాస్టిక్ కవరు. టేబుల్ మీద గుమ్మరించింది. సింగరకొండ ఆంజనేయస్వామి గుళ్ళో నలభై రోజులు ఉన్నామంది, దాని తాలూకు రసీదులు. రెండు తాయెత్తులు. ఆర్‌ఎంపీ ఇచ్చిన నిద్రమాత్రల ఖాళీ అట్ట, పేరు చెరిగిపోయింది. "ఒక్క ఓపీ చీటీ అయినా లేదామ్మా" అని మా సార్ మూడుసార్లు అడిగారు. "పెద్ద డాక్టర్ దగ్గరికి పోతే పిచ్చోడని ముద్ర పడుద్ది, చెల్లెలి పెళ్ళి ఆగిపోద్దని పోలేదు బాబూ" అంది. యావజ్జీవం పడింది. ఆ అబ్బాయికి నిజంగా అప్పుడు తెలివి లేదో ఉందో నాకు ఈ రోజుకీ తెలీదు, జడ్జి గారికి తెలిసే దారీ మేం చూపించలేకపోయాం. ఈ రూలు దొంగలకి దొడ్డిదారి అంటున్నారు గానీ, నా లెక్కలో ఇది అర్హత ఉన్నవాడికే అందకుండా పోతోంది.

డాలస్‌లో బెజవాడ:
ఇక్కడ అమెరికాలో కాన్సాస్, ఐడహో, మోంటానా, యూటా రాష్ట్రాలు ఈ డిఫెన్స్‌ని పాత రూపంలో ఎత్తేశాయి, 2020లో కాన్సాస్ కేసులో సుప్రీంకోర్టు కూడా అది రాజ్యాంగానికి విరుద్ధం కాదంది. అప్పటి అధ్యక్షుడు రీగన్ మీద 1981లో కాల్పులు జరిపినవాడు మతిలేదని 1982లో నిర్దోషిగా తేలాక వచ్చిన గొడవ మామూలుది కాదు. మన దగ్గర మాత్రం ఇంగ్లండ్‌లో 1843లో జడ్జీలు చెప్పిన మెక్‌నాటెన్ సూత్రాన్నే పట్టుకుని వేలాడుతున్నాం.

సత్యనారాయణపురం అక్క:
ఆ రీగన్ కేసు అతను ఇంటికెళ్ళింది ఎప్పుడో కూడా రాయండి బాబూ. ఆస్పత్రి దాటి బయట ఉండనిచ్చింది 2016లో, ఆంక్షలన్నీ తీసేసింది 2022లో. నిర్దోషి అన్నాక నలభై ఏళ్ళు. ఇది తప్పించుకోవడమా?

1843 సూత్రం పాతబడిందన్న మాట మాత్రం నిజం, కానీ మీరనుకునే వైపు కాదు. అది తెలుసా తెలియదా అనే చూస్తుంది. తప్పని తెలిసీ, లోపల గొంతు తరుముతుంటే ఆగలేనివాడి సంగతి అందులో లేదు. మావాడు "తప్పని తెలుసక్కా, కానీ వాళ్ళు చెప్తూనే ఉంటారు" అనేవాడు. మన చట్టం ప్రకారం ఆ ఒక్క ముక్కతో వాడు దోషి.

నల్లకోటు జూనియర్:
అవును, ఆపుకోలేకపోయానంటే మన దగ్గర చెల్లదు. మేడమ్ బాధ అర్థమవుతుంది గానీ, అది కూడా చేరిస్తే కోపంతో కొట్టిన ప్రతివాడూ ఆపుకోలేకపోయానంటాడు. ఇక్కడ నేను చట్టం వైపే.

ఇంటికెళ్ళిపోతాడన్న భయం గురించి: మతిలేని స్థితిలో చేశాడని విడిచిపెట్టినా, ఆ పని చేసింది అతనేనా కాదా అని తీర్పులో రాయాలి. చేశాడని తేలితే జడ్జి గారు భద్రమైన చోట ఉంచమనో, పూచీ తీసుకుని బంధువులకి అప్పగించమనో ఆర్డరు వేస్తారు, సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన కొత్త నాగరిక సురక్షా సంహితలో 374వ సెక్షన్. మన రాష్ట్రంలో ఇలాంటివాళ్ళని ఎక్కువగా విశాఖ మానసిక వైద్యశాలకి పంపుతుంటారు. విచారణ సమయంలో మతి సరిగా లేకపోవడం మళ్ళీ వేరే సంగతి, అప్పుడు కేసే ఆగుతుంది. ఆగితే ఏమవుతుందో అస్సాంలో ఒకాయన విషయంలో చూశాం. 1951లో కొట్లాట కేసులో పట్టుకున్నారు, పిచ్చని తేజ్‌పూర్ మానసిక ఆస్పత్రికి పంపారు, తర్వాత కుదుటపడ్డాడని డాక్టర్లు రాసినా ఎవరూ పట్టించుకోలేదు. బయటికొచ్చింది 2005లో. 54 ఏళ్ళు, విచారణే లేకుండా.

కృష్ణలంక కుర్రోడు:
54 ఏళ్ళా?? సరే నా ఏసీ రూమ్ మాట వెనక్కి తీసుకుంటున్నా.

మిర్చిఘాటు:
అందరూ ముద్దాయి గురించే. అక్క తమ్ముడి గురించి, సార్ ప్లాస్టిక్ కవరు గురించి, అస్సాం గురించి. మా వదిన గురించి ఒక్కరైనా అడిగారా? ఇద్దరు ఆడపిల్లలు, పెద్దది ఇంటర్. బడ్డీకి టార్పాలిన్ కట్టేసి ఉంది, అద్దె మాత్రం నడుస్తోంది. రేపు వాడు నిర్దోషి అని చదువుతారు, ఆవిడ కోర్టు హాల్లో కూర్చుని వినాలి. దోషి కాదంటే మరి మా అన్నని ఎవరు చంపినట్టు?

సత్యనారాయణపురం అక్క:
ఈ మాటకి నా దగ్గర జవాబు లేదు తమ్ముడూ. అడగకపోవడం నా తప్పే.

రిటైర్డ్ హెచ్‌సీ:
ఆ కుర్రాడి ఇంట్లోవాళ్ళు అంతకుముందు స్టేషన్‌కి వచ్చారా? రాత్రిళ్ళు అరుస్తున్నాడని, కొడుతున్నాడని?

మిర్చిఘాటు:
తెలీదు. వాళ్ళమ్మ మా అన్న దగ్గరే రెండు మూడు సార్లు ఏడ్చింది, వాణ్ణి ఎక్కడికి తీసుకుపోవాలో తెలియట్లేదని. "ఆస్పత్రికి తీసుకుపో అక్కా" అని చెప్పింది మా అన్నే.

నల్లకోటు జూనియర్:
ఆ మాట కోర్టులో ఎవరైనా చెప్పారా? చెప్పకపోతే మీరు సాక్షిగా ఉంటే చెప్పండి, ఎవరికి పనికొస్తుందని లెక్కపెట్టకండి.

మీ వదిన గారి సంగతి. బాధితుల పరిహారం కింద, సురక్షా సంహిత 396, పాత సీఆర్‌పీసీలో 357ఏ, కేసు నిర్దోషి అని ముగిసినా కుటుంబానికి ఆసరా అవసరమైతే పరిహారం ఇమ్మని కోర్టు సిఫారసు చెయ్యొచ్చు. ఎంతన్నది జిల్లా న్యాయ సేవాధికార సంస్థ తేలుస్తుంది. తీర్పు దాకా ఆగక్కర్లేదు, మధ్యంతర సాయం కూడా అడగొచ్చు. లాయర్ ఫీజు లేదు. సగం మందికి ఈ దారి ఉందనే తెలీదు, మా బార్‌లోనే కొందరికి తెలీదు.

మిర్చిఘాటు:
పరిహారం తీసుకుంటే కేసు వదిలేసినట్టు రాయించుకుంటారా?

నల్లకోటు జూనియర్:
లేదు. దానికీ దీనికీ సంబంధం లేదు. రాజీ కాదు, ముద్దాయి జేబులోంచి వచ్చే డబ్బూ కాదు.

మిర్చిఘాటు:
సరే సార్. సోమవారం వదినని తీసుకుని కోర్టు దగ్గరికి వస్తా. రూలు తీసెయ్యాలన్న మాట మీద మాత్రం నేను ఇంకా ఉన్నా, సగం అయినా ఉన్నా. వాడికి శిక్ష పడాలి.

నల్లకోటు జూనియర్:
ఉండండి, వాదించుకుందాం. ఎఫ్‌ఐఆర్ కాపీ, పోస్ట్‌మార్టం రిపోర్టు, రేషన్ కార్డు, బ్యాంకు పాస్‌బుక్ జిరాక్సులు తెండి. పదకొండు దాటితే నేను హాల్లోకి వెళ్ళిపోతా, పదింటికల్లా వచ్చేయండి.