బాయిల్డ్ రైస్ మిల్లు నీళ్లు పంట కాలువలోకి వస్తుంటే?

కాలువగట్టు: ఊరి పక్క మిల్లు ధాన్యం నానబెట్టిన నీళ్లు తెల్లవారుజామున కాలువలోకి వదులుతోంది. పసుపు రంగు, పులిసిన కంపు. మేమే సీసాలో పట్టి ల్యాబ్‌కి పంపితే కేసు నిలుస్తుందా అండీ?

నీటిబొట్టు: నిలవదండీ. 1974 నీటి చట్టం 21వ సెక్షన్ ప్రకారం కాలుష్య నియంత్రణ మండలి అధికారే శాంపిల్ తియ్యాలి. యజమానికి నోటీసిచ్చి, రెండు భాగాలు చేసి, సీలు వేసి సంతకాలు పెట్టించాలి. మీ శాంపిల్ మండలిని కదిలించడానికి పనికొస్తుంది. సీసా ఐస్‌లో పెట్టి 24 గంటల్లోపు ల్యాబ్‌కి ఇవ్వండి. ఎండలో ఉంచితే బీఓడీ (నీటిలోని మురికిని కుళ్లించడానికి సూక్ష్మజీవులకు కావలసిన ఆక్సిజన్, ఎక్కువుంటే కాలుష్యం ఎక్కువ) తగ్గిపోయి మిల్లుకే మేలు. తేదీ, టైము పడేలా వీడియో కూడా తియ్యండి.

గంజినీళ్లు: ముందు సమాచార హక్కు కింద 10 రూపాయలతో మిల్లు ఆపరేషన్ అనుమతి కాపీ అడగండి. అసలు కిటుకు అందులోనే. పొలానికి పారించే నీటికి బీఓడీ పరిమితి లీటరుకు 100 మిల్లీగ్రాములు, కాలువ లాంటి ఉపరితల నీటిలోకైతే 30. పొలానికని అనుమతి తీసుకుని కాలువలోకి వదిలితే అదే ఉల్లంఘన.

కాలువగట్టు: లోపల శుద్ధి ప్లాంటు ఉందంటున్నారు అన్నా.

గంజినీళ్లు: ఉండటం వేరు, నడవటం వేరు. కరెంటు మిగులుతుందని ట్యాంకులోకి గాలి కొట్టే బ్లోయర్ ఆపేస్తారు. గాలి అందక బ్యాక్టీరియా చచ్చి ట్యాంకు నల్లబడుతుంది. తనిఖీలో ప్లాంటు కరెంటు మీటరు రీడింగులు, లాగ్‌బుక్ పక్కపక్కన పెట్టి చూడమని ఫిర్యాదులోనే రాయండి. తప్పు తేలితే అదే నీటి చట్టం 33ఏ సెక్షన్ కింద కరెంటు కట్ చేయించే అధికారం మండలికుంది.

నీటిబొట్టు: అక్కడా కదలకపోతే చెన్నైలోని హరిత ట్రిబ్యునల్ (పర్యావరణ కేసులు చూసే కోర్టు లాంటిది). ట్రిబ్యునల్ చట్టం 14వ సెక్షన్ కింద వెళ్తే ఆరు నెలల గడువు, జాగ్రత్త.