బేస్ గిటార్: 170 టెంపోలో ఎయిత్ నోట్లు, పిక్‌తోనా వేళ్లతోనా?

నాలుగు_తీగలు:

అందరికీ నమస్తే. నాది నాలుగు స్ట్రింగుల పి-జె బేస్ (మధ్యలో పి పికప్, బ్రిడ్జ్ దగ్గర జె పికప్; పికప్ అంటే స్ట్రింగ్ కదలికను సిగ్నల్‌గా మార్చేది). స్ట్రింగులు 45–105 సెట్ (మందం, అంగుళంలో వెయ్యో వంతుల్లో), నికెల్ రౌండ్‌వౌండ్ (పైన గుండ్రటి తీగ చుట్టినవి), మామూలు ట్యూనింగ్. చర్చి బ్యాండ్‌లో వాయిస్తాను. డ్రమ్స్, రెండు కీబోర్డులు, డిస్టార్షన్ వేసిన ఒక గిటార్ ఉంటాయి. బేస్ డీఐ బాక్స్ (సిగ్నల్‌ను మిక్సర్‌కి తగినట్టు మార్చే పెట్టె) నుంచి నేరుగా మిక్సర్‌లోకి పోతుంది.

నెమ్మది పాటలకు ఇబ్బంది లేదు. 165–175 టెంపో (నిమిషానికి అన్ని బీట్లు) పాటల్లోనే చిక్కు. రూట్ నోట్ (కార్డ్ మూల స్వరం) మీద బారుకు ఎనిమిది ఎయిత్ నోట్లు (బీటుకు రెండు) ఆపకుండా వాయించాలి. వేళ్లతో అయితే ఒక నోటు గట్టిగా, ఒకటి మెత్తగా పడుతోంది. గిటార్ అందుకోగానే బేస్ అసలు వినబడదు. 0.73 మిల్లీమీటర్ల పిక్‌తో (మీటడానికి వేళ్ల మధ్య పట్టుకునే ప్లాస్టిక్ ముక్క) అయితే వినబడుతుంది గానీ టక్‌టక్‌మని ప్లాస్టిక్ చప్పుడు ముందు వస్తోంది. ఇ స్ట్రింగ్ గుయ్యిమంటూనే ఉంటుంది, పక్క స్ట్రింగులు ఆగవు.

ఈ పాటలకు పిక్‌కి మారాలా, వేళ్లనే సాధన చేసుకోవాలా? పిక్ అయితే ఎంత మందం? పక్క స్ట్రింగులు ఎలా ఆపాలి? ఇంకొకటి, పిక్ పట్టుకున్నవాడు అసలు బేసిస్టే కాదని చాలామంది అంటారు. అందులో నిజమెంత?

లో_ఇ:

చివరి ప్రశ్నతో మొదలుపెడతాను, ఎందుకంటే ఆ మాట వల్ల చాలామంది పిక్ ముట్టుకోకుండానే ఉండిపోతున్నారు. 1951లో లియో ఫెండర్ తెచ్చిన ప్రెసిషన్ బేస్ చూడండి. వేళ్లు ఆనించుకునే పట్టీ జి స్ట్రింగ్ కింది వైపు ఉండేది. నాలుగు వేళ్లు దాని మీద ఆనించి బొటనవేలితో మీటడానికి పెట్టిన పట్టీ అది. అంటే ఇవాళ "అసలు పద్ధతి" అని చెబుతున్న రెండు వేళ్ల వాయింపు కూడా ఆ వాయిద్యంతో పాటు పుట్టింది కాదు. లాస్ ఏంజెలెస్ స్టూడియోల్లో సెషన్ బేసిస్టు కరోల్ కే పిక్‌తోనే వాయించారు, బ్రిడ్జ్ దగ్గర స్ట్రింగుల మీద ఫెల్ట్ ముక్క పెట్టుకుని. బీటిల్స్ బేసిస్టు పాల్ మెకార్ట్నీ ఎక్కువగా పిక్కే. యెస్ బ్యాండ్ క్రిస్ స్క్వైర్ రికెన్‌బాకర్ బేస్ మీద పిక్. అటు మోటౌన్ రికార్డు కంపెనీలో జేమ్స్ జేమర్సన్ చూపుడువేలు ఒక్కదానితోనే అన్ని లైన్లూ వాయించారు. వీళ్లలో బేసిస్టు కానివారెవరో ఆ మాట అనేవాళ్లే చెప్పాలి.

ఇక సౌండ్ ఎందుకు మారుతుందో తెలిస్తే మిగతావి సులువు. వేలి కొన మెత్తన, వెడల్పు. స్ట్రింగ్‌ను అది వదిలే తీరు కూడా మెత్తగా ఉంటుంది, పై హార్మోనిక్స్ (అసలు స్వరంతో పాటు పలికే పై స్వరాలు) అక్కడే అణిగిపోతాయి. పిక్ అంచు సన్నం, గట్టి. స్ట్రింగ్‌ను ఒక్కచోట పట్టి చటుక్కున వదులుతుంది, అందుకే పై హార్మోనిక్స్ బాగా పలుకుతాయి. దీనికి తోడు ఎక్కడ మీటుతున్నామన్నది ఉంది. చాలామంది పిక్ తీసుకోగానే తెలియకుండానే చేతిని బ్రిడ్జ్ వైపు జరుపుతారు. బ్రిడ్జ్‌కి దగ్గరయ్యే కొద్దీ సౌండ్ సన్నబడుతుంది. 34 అంగుళాల స్కేలు కాబట్టి బ్రిడ్జ్ నుంచి 8.5 అంగుళాల దగ్గర ఓపెన్ స్ట్రింగ్ మీటితే సరిగ్గా నాలుగో వంతు. అక్కడ 4వ, 8వ హార్మోనిక్స్ దాదాపు పలకవు, సౌండ్ గుండ్రంగా వస్తుంది. ముందు పిక్‌ను పి పికప్‌కీ ఫ్రెట్‌బోర్డ్ చివరికీ మధ్య పెట్టి వాయించండి. మీరు చెప్పిన సన్నటి చప్పుడులో చాలా భాగం అక్కడే తగ్గిపోతుంది.

మందం: 0.73 గిటార్ కార్డ్స్‌కి బాగుంటుంది. 105 మందమున్న ఇ స్ట్రింగ్‌కి తగలగానే అది వంగి, తిరిగి నిటారయ్యేటప్పుడు స్ట్రింగ్ మీద టప్పున కొడుతుంది. మీకు వినబడే ప్లాస్టిక్ చప్పుడు అదే. పైగా వంగడానికి పట్టే సమయం వల్ల నోటు కాస్త ఆలస్యంగా పడుతుంది. 1.0 గానీ 1.14 గానీ తీసుకోండి. టార్టెక్స్ రకం పిక్‌లలో అయితే 1.0 నీలం, 1.14 ఊదా. పెద్ద త్రికోణం ఆకారమైతే చెమటకు జారదు. ఎండాకాలంలో మన ఊళ్లలో ఇది చిన్న విషయం కాదు. ఇంకా గుండ్రంగా కావాలంటే పిక్ తిప్పి, మొన బదులు భుజం వైపు మీటండి. ఖర్చు లేని మార్పు, తేడా మాత్రం చాలా ఉంటుంది.

పట్టు: చూపుడువేలు పక్క భాగం మీద పిక్, పైన బొటనవేలు. బయటికి 3–4 మిల్లీమీటర్లకు మించి కనబడకూడదు. అంతకంటే ఎక్కువ ఉంటే అప్‌స్ట్రోక్‌లో స్ట్రింగ్ కింద ఇరుక్కుంటుంది. పిక్‌ను స్ట్రింగ్‌కి కొద్దిగా ఏటవాలుగా, 15 డిగ్రీలంత వంచితే టక్ తగ్గుతుంది. మరీ వంచితే రౌండ్‌వౌండ్ మీద గరగర మొదలవుతుంది. ఈ రెండింటికీ మధ్య మీ బేస్‌కి పడే కోణం చెవితోనే పట్టుకోవాలి.

కదలిక మణికట్టు నుంచి రావాలి. మోచేతి నుంచి కొడితే 170 టెంపోలో ఒక పాట అయ్యేసరికి ముంజేయి రాయిలా బిగుసుకుపోతుంది. లెక్క చూడండి: 170 దగ్గర ఎయిత్ నోట్లంటే నిమిషానికి 340, సెకనుకి ఐదున్నర పైన. అన్నీ డౌన్‌స్ట్రోకులే వాయిస్తే నోట్లన్నీ ఒకే బరువుతో పడతాయి, రాక్ పాటలకు ఆ బలం కావాలి. కానీ అది ఓపికతో పెంచుకోవలసిన పని. 130తో మొదలుపెట్టి, రెండు నిమిషాలు ముంజేయి బిగియకుండా వాయించగలిగినప్పుడే ఐదు పెంచండి.

రెండువేళ్లు:

పైన చెప్పినవాటిలో తప్పు లేదు. కానీ వేళ్లు ఎగుడుదిగుడు అవుతున్నాయని పిక్‌కి మారితే ఆ లోపం అలాగే ఉంటుంది, రేపు పిక్‌తో డౌన్-అప్ వాయించినప్పుడు మళ్లీ బయటపడుతుంది. ఐరన్ మెయిడెన్ బేసిస్టు స్టీవ్ హారిస్ ఇంతకంటే వేగమైన గ్యాలప్ (గుర్రపు పరుగు లాంటి లయ) లైన్లు వేళ్లతోనే, అదీ ఫ్లాట్‌వౌండ్ (పైన చదునైన తీగ చుట్టిన) స్ట్రింగుల మీద వాయిస్తారు. 170 ఎయిత్ నోట్లు వేళ్లకు అందని వేగం కానే కాదు.

ఎగుడుదిగుడుకి మూలం ఇది: మధ్యవేలు చూపుడువేలి కంటే పొడుగు, స్ట్రింగ్ కిందికి ఎక్కువ లోతు పోతుంది. లోతు పెరిగితే లాగే దూరం పెరుగుతుంది, నోటు పెద్దదవుతుంది. మధ్యవేలిని కాస్త ఎక్కువ మడిచి, రెండు కొనలూ ఒకే గీత మీదికి తెచ్చుకోండి. వేలి కండ సగం కంటే తక్కువే స్ట్రింగ్‌కి తగలాలి. మీటిన వేలు గాలిలోకి ఎగరకుండా పక్కనున్న లావు స్ట్రింగ్ మీద ఆగాలి. ఏ మీద మీటితే ఇ మీద, డి మీద మీటితే ఏ మీద. ఇ మీద మీటినప్పుడు బొటనవేలి మీద ఆగుతుంది.

సాధన విషయంలో ఎక్కువమంది చేసే పొరపాటు, నాలుగేసి నోట్లకు ఒక యాక్సెంట్ (ఊనిక) ఇవ్వడం. రెండు వేళ్లు మారుతూ వాయిస్తున్నప్పుడు ఆ యాక్సెంట్ ఎప్పుడూ ఒకే వేలికి పడుతుంది, రెండోది బలహీనంగానే మిగులుతుంది. మూడేసి నోట్లకు ఒక యాక్సెంట్ ఇవ్వండి. ఒకసారి చూపుడువేలికి, తర్వాత మధ్యవేలికి వస్తుంది. తిశ్రం తెలిసినవాళ్లు తకిట తకిట అనుకుంటూ వాయించవచ్చు. 80 టెంపోలో, ఎయిత్ నోట్లతో, ఒకే ఫ్రెట్ మీద. యాక్సెంట్ లేని నోట్లు రెండూ అచ్చం ఒకలాగే వినబడే వరకు టెంపో పెంచకండి. ఫోన్‌లో రికార్డ్ చేసి వినండి, వాయిస్తున్నప్పుడు చెవి మనల్ని మోసం చేస్తుంది. ఈ పాఠం పిక్‌కీ వర్తిస్తుంది: అక్కడ యాక్సెంట్ డౌన్‌కీ అప్‌కీ మారుతూ పడుతుంది.

ఇంకో మాట. బేస్ వినబడటం లేదని వేళ్లతో గట్టిగా గుంజుతున్నట్టున్నారు. గట్టిగా గుంజితే ఇ స్ట్రింగ్ ఫ్రెట్లకు తగిలి చప్పుడవుతుంది, నోటు మొదట్లో శ్రుతి కూడా కాస్త పైకి పోతుంది. మెల్లగా మీటి గెయిన్ (సిగ్నల్ స్థాయి) పెంచండి. చెయ్యి ఊపిరి పీల్చుకుంటుంది, వేగం దానంతట అదే వస్తుంది. చేతిని జె పికప్ మీదికి జరిపితే స్ట్రింగ్ అక్కడ బిగువుగా ఉంటుంది, వేలికి త్వరగా తిరిగి వస్తుంది, సౌండ్ కూడా గట్టిపడుతుంది. జాజ్ బేసిస్టు జాకో పాస్టోరియస్ సౌండ్‌లో ఆ గుర్రుమనే గుణం రావడానికి బ్రిడ్జ్ పికప్ దగ్గర వాయించడం ఒక పెద్ద కారణం.

సౌండ్_డెస్క్:

మిక్సర్ వైపు నుంచి రెండు మాటలు. మీ బ్యాండ్‌లో బేస్ వినబడకపోవడానికి సగం కారణం మీ కుడిచెయ్యి కాదు, కీబోర్డుల ఎడమచెయ్యి. ఇద్దరు కీబోర్డిస్టులూ కింది ఆక్టేవ్‌లలో రూట్ నోట్లు పట్టుకుంటే మీ లైన్‌కి చోటుండదు. వేగం పాటల్లో ఎడమచెయ్యి మధ్య సి కిందికి రాకుండా ఉండమని ఇద్దరినీ అడగండి. ఈ ఒక్కటీ జరగకుండా పిక్ మార్చినా, స్ట్రింగులు మార్చినా డబ్బు దండగ.

ఓపెన్ ఇ 41 హెర్ట్జ్. చిన్న హాల్లో, టైల్స్ గోడల మధ్య, 100–200 హెర్ట్జ్ దగ్గర గుమ్మని కలిసిపోతుంది. వేళ్ల సౌండ్‌లో బరువంతా అక్కడే ఉంటుంది కాబట్టి నోటు ఎక్కడ మొదలైందో తెలియదు. పిక్ వేస్తే మొదలు స్పష్టంగా తెలుస్తుంది. అందుకే ఈ పాటలకు, ఈ హాలుకు నా ఓటు పిక్‌కే.

సెట్టింగ్స్: హై-పాస్ (పెట్టిన చోటు కంటే కింది శబ్దాన్ని తగ్గించే ఫిల్టర్) 35–40 హెర్ట్జ్ దగ్గర. గుమ్మనే చోటు వెతికి 3 డిబి తగ్గించండి. వేళ్లతో వాయించే పాటలకు 700–1000 మధ్య కాస్త పెంచితే నోటు ముందుకొస్తుంది. పిక్ పాటలకు అది అక్కర్లేదు. 2–4 కిలోహెర్ట్జ్ మధ్య టక్ ఎక్కువైతే అక్కడ 2–3 డిబి తగ్గించండి. పూర్తిగా తీసేయకండి, డిస్టార్షన్ గిటార్ మధ్యలోంచి బేస్‌ను బయటికి తెచ్చేది ఆ కొంచెమే.

కంప్రెసర్ (పెద్ద నోట్లను అణచి మట్టం చేసేది) రేషియో 4:1. పిక్‌కి అటాక్ (అణచడం మొదలయ్యే సమయం) 5–10 మిల్లీసెకన్లు, మొదటి దెబ్బను పట్టుకోవాలి. వేళ్లకు 25–30 పెట్టాలి, లేకపోతే నోటు మొదట్లో ఉన్న కాస్త పదును కూడా పోతుంది. రిలీజ్ (అణచడం వదిలే సమయం) 100–150. మీటర్ 4–6 డిబికి మించి తగ్గకూడదు. రెండు పద్ధతులూ ఒకే ప్రోగ్రామ్‌లో వాడేటట్టయితే సౌండ్‌చెక్‌లో రెండూ వాయించి చూపించండి. వేళ్లతో మాత్రమే చెక్ చేసి, పాట మధ్యలో పిక్ తీస్తే డెస్క్ దగ్గరున్నవాడు ఫేడర్ కోసం పరిగెత్తాలి.

నాలుగు_తీగలు:

అందరికీ చాలా థ్యాంక్స్. కీబోర్డుల సంగతి నాకు తట్టనే లేదు. రెండు చిన్న ప్రశ్నలు మిగిలాయి. పిక్‌తో ఉన్నప్పుడు పక్క స్ట్రింగులు ఆపడం ఎలా? చరణం వేళ్లతో, పల్లవి పిక్‌తో వాయించాల్సి వస్తే మధ్యలో పిక్ ఎక్కడ పెట్టుకోవాలి?

లో_ఇ:

మ్యూటింగ్ (స్ట్రింగులు ఆపడం) మొదటి జవాబులోనే చెప్పాల్సింది. పిక్ నేర్చుకోవడంలో కష్టమైన భాగం అదే. వేళ్లతో వాయించేటప్పుడు బొటనవేలు, ఆగిన వేలు కలిసి లావు స్ట్రింగులను వాటంతటవే ఆపుతాయి. పిక్ పట్టగానే ఆ సాయం పోతుంది, ఆ పని అరచేతి మడమకీ ఎడమచేతికీ పంచాలి.

మీరు మీటుతున్న దానికంటే లావు స్ట్రింగులను కుడి అరచేతి మడమ ఆపాలి, సన్నవాటిని ఎడమచేతి వేళ్ల అడుగుభాగం ఆపాలి. ఉదాహరణకు ఏ మీద 3వ ఫ్రెట్ సి వాయిస్తున్నారు. మడమ ఇ మీద ఆని ఉంటుంది. నొక్కిన వేలు నిటారుగా కాకుండా కాస్త పరిచి పెడితే డి, జి రెండింటికీ తగిలి వాటిని ఆపేస్తుంది. ఇ మీద వాయించేటప్పుడు పక్క స్ట్రింగులు ఆపడానికి మడమతో పని లేదు, ఎడమచేతి వేళ్లు పరిస్తే మూడూ ఆగుతాయి. ఒక్క వేలు మాత్రం తగిలితే అది హార్మోనిక్ పలికే చోట పడవచ్చు, కనీసం రెండు వేళ్లు తగలనివ్వండి.

ఇ గుయ్యిమనడానికి పామ్ మ్యూట్ (అరచేతి మడమ ఆనించి అణచడం) మందు. మడమ సరిగ్గా బ్రిడ్జ్ శాడిల్ (స్ట్రింగ్ ఆనే ముక్క) అంచున పెట్టండి. అర సెంటీమీటరు ముందుకు జరిపితే నోటు పొట్టిదవుతుంది, రెండు సెంటీమీటర్లు జరిపితే శ్రుతే వినబడదు. ఎంత కావాలో పాటను బట్టి జరుపుకోవడం అలవాటు చేసుకోండి. అప్పటికీ ఇ ఒక్కటే మిగతావాటికంటే పెద్దగా వస్తే పి పికప్‌లో ఇ వైపు స్క్రూ సగం చుట్టు తిప్పి కిందికి దించి వినండి.

రెండువేళ్లు:

పిక్ దాచుకోవడానికి రెండు దారులు. ఉంగరపువేలు, చిటికెనవేలు మడిచి అరచేతిలో పట్టుకుంటే చూపుడు, మధ్య వేళ్లు ఖాళీగా ఉంటాయి. మొదట్లో జారుతుంది, ఇంట్లో అలవాటయ్యాకే స్టేజ్ మీద చేయండి. లేదా మైక్ స్టాండ్‌కి తగిలించే పిక్ హోల్డర్ పెట్టుకోండి, అయితే పల్లవికి ముందు కనీసం రెండు బీట్ల ఖాళీ ఉండాలి.

ఆ ఖాళీ కూడా లేని పాటల్లో పిక్ అసలు తీయకండి. చరణంలో పిక్ భుజం వైపు తిప్పి, నెక్ దగ్గరికి జరిగి, మడమ ఆనించి మీటండి. దానికి తోడు బ్రిడ్జ్ ముందు స్ట్రింగుల కింద స్పాంజ్ ముక్క పెడితే వేళ్ల సౌండ్‌కి చాలా దగ్గరగా వస్తుంది. స్ట్రింగులకు కింది నుంచి తగిలీ తగలనట్టు ఉండాలి, పైకి నెట్టకూడదు. పెట్టాక ట్యూనింగ్ మళ్లీ చూసుకోండి. ఆ పాట అయ్యాక పొడుగ్గా సాగే నోట్ల పాట ఉంటే స్పాంజ్ తీసేయాల్సిందే, కాబట్టి పాటల వరస ముందే అలా సర్దుకోండి.